ఆపరేషన్ క్రాస్‌రోడ్స్: కొలతల సమన్వయం

ఆపరేషన్ క్రాస్‌రోడ్స్ అనేది 1946 జులైలో అమెరికా మార్షల్ దీవుల్లోని బికినీ వద్ద జరిపిన రెండు అణు పేలుళ్ల పరీక్ష. ఒకే పేలుడును సైన్యం, నౌకాదళం, లాస్ అలమోస్ ప్రయోగశాల, వైద్య బృందాలు కలిసి కొలవడానికి చేసిన తొలి భారీ ప్రయత్నం ఇది. అంతకు ముందటి ఏడు జరిగిన ట్రినిటీ అణు పరీక్షలో కొలతల బాధ్యత ప్రధానంగా లాస్ అలమోస్ ఒక్కదానిదే.

1946 జనవరిలో వైస్ అడ్మిరల్ విలియం బ్లాండీ నాయకత్వాన జాయింట్ టాస్క్ ఫోర్స్ వన్ ఏర్పడింది. అందులో దాదాపు 42,000 మంది పనిచేశారు. సాంకేతిక వ్యవహారాలను రియర్ అడ్మిరల్ విలియం పార్సన్స్, భౌతిక శాస్త్రజ్ఞుడు రాల్ఫ్ సాయర్ చూశారు. రేడియోధార్మిక భద్రత బాధ్యత వైద్యుడు స్టాఫర్డ్ వారెన్‌ది. ఎవరికి కావలసిన సమాధానం వారిది: ఏ ఓడ తట్టుకుంటుందో నౌకాదళానికి తేలాలి, బాంబర్ విమానాల సత్తా వైమానిక దళానికి రుజువు కావాలి, పేలుడు తీవ్రత ఎంతో ప్రయోగశాలకు తెలియాలి. లక్ష్యంగా నిలిపిన 90కి పైగా ఓడల మధ్య ఎంత ఎడం ఉండాలన్నదీ ఈ దళాల పోటీలో భాగమే.

ఓడల మీద పీడన మాపకాలు, కెమెరాలు అమర్చారు, మేకలను, పందులను, ఎలుకలను ఉంచారు. పేలుడు మేఘంలోని నమూనాల కోసం నౌకాదళం, వైమానిక దళం రెండూ పైలట్లు లేని విమానాలను పంపాయి. జులై 1న జరిగిన 'ఏబుల్' పరీక్షలో బాంబు గురి తప్పి, లక్ష్యమైన నెవాడా ఓడకు సుమారు 650 మీటర్ల దూరంలో పేలింది. నెవాడా చుట్టూ దూరాలు లెక్కగట్టి అమర్చిన పరికరాల ఏర్పాటు దీనితో దెబ్బతింది. అప్పుడు బ్రిటిష్ గణితవేత్త విలియం పెన్నీ పెట్టించిన ఖాళీ డబ్బాలు అక్కరకొచ్చాయి. అవి ఎంత నలిగాయో చూసి ఆయన పేలుడు పీడనాన్ని అంచనా వేశాడు.

జులై 25న 'బేకర్' బాంబును 27 మీటర్ల లోతున పేల్చారు. రేడియోధార్మిక జలం ఓడలను ముంచెత్తింది. సమన్వయంలోని అసలు లోపం ఇక్కడే బయటపడింది. పరికరాలు ఎన్ని ఉన్నా, వాటి ఫలితం చూసి పని ఆపించే అధికారం శాస్త్రజ్ఞులకు లేదు. వారెన్ హెచ్చరిస్తున్నా, కంటికి కనిపించని ప్రమాదాన్ని కెప్టెన్లు నమ్మలేదు. నావికులు ఓడలను కడుగుతూనే ఉన్నారు. పైగా అక్కడ వాడిన గైగర్ కౌంటర్లు ప్లూటోనియం వెలువరించే ఆల్ఫా కణాలను పసిగట్టలేవు.

ఆగస్టు 10న వారెన్ బ్లాండీకి ఒక చేప చిత్రం చూపించాడు. చేప ఒంట్లోని రేడియోధార్మికతే ఫిల్ము మీద ముద్రించిన చిత్రమది. బ్లాండీ శుభ్రపరిచే పనిని ఆపించాడు. ఎంతోమంది నావికులు అప్పటికే ఆ ఓడల మీద పనిచేసేశారు. కొలత తెలిసినవారి మాటకు ముందునుంచీ ఆజ్ఞాబలం ఉండి ఉంటే వారిని కాపాడగలిగేవారు. మూడో పరీక్ష 'చార్లీ' రద్దయింది.

1947 ఆరంభంలో అమెరికా అణుశక్తి సంఘం అణ్వాయుధాల బాధ్యతలు చేపట్టింది. 1948లో ఎనివెటాక్‌లో జరిగిన ఆపరేషన్ సాండ్‌స్టోన్‌లో ఓడలు లక్ష్యంగా లేవు, కొత్త బాంబు నమూనాల శాస్త్రీయ కొలతలకే ప్రాధాన్యం దక్కింది.

1946 మార్చిలో ఖాళీ చేయించిన 167 మంది బికినీ వాసులకు మాత్రం ఈ ప్రణాళికలో గొంతు లేదు. 1958 దాకా అక్కడ మొత్తం 23 పేలుళ్లు జరిగాయి. 1970లలో తిరిగివెళ్లిన కుటుంబాల శరీరాల్లో రేడియోధార్మిక సీజియం పెరగడంతో 1978లో వారిని మళ్లీ తరలించారు.