మందు వెంట నడిచిన పురుగు: గుంటూరు, ప్రకాశం చేలలో నాలుగు దశాబ్దాలు

గుంటూరు, ప్రకాశం నల్లరేగడిలో చీడల చరిత్ర చెప్పమంటే ఎవరైనా ఇంచుమించు ఒకే వరసలో చెబుతారు. ఎనభైల్లో తెల్లదోమ, దాని వెనకే శనగపచ్చ పురుగు, బీటీ వచ్చాక కొన్నేళ్లు ఊరట, ఆపైన గులాబీ రంగు పురుగు, 2021లో మిరప మీద నల్ల తామర పురుగు. ప్రతిదీ ఎక్కడినుంచో ఊడిపడ్డ ఉపద్రవమే. ప్రతిసారీ ముద్దాయి విచ్చలవిడిగా మందు కొట్టిన రైతే. అందరూ చెప్పే ఈ కథనంలో పురుగుల పేర్లు ఉన్నాయి, రైతు తప్పులు ఉన్నాయి. ఆ పురుగు విజృంభించడానికి ముందు రెండు మూడేళ్లు అదే చేలో ఏ మందు పడిందన్న లెక్క మాత్రం లేదు. ఆ లెక్క కూడా పక్కన పెట్టుకుంటే ఇదే చరిత్ర మరోలా కనిపిస్తుంది.

తొలి దశల గురించి ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు. గులాబీ రంగు పురుగు మన దేశపు పత్తి మీద ఉన్నట్టు 1843 నాటికే శాస్త్రలోకానికి తెలుసు. బెయిన్‌బ్రిగ్ ఫ్లెచర్ దక్షిణ భారత కీటకాలపై పెద్ద గ్రంథం వెలువరించింది 1914లో. అప్పటికి ఈ ప్రాంతంలో పండేది కోకనాడ అనే నాటు పత్తి. తర్వాత పొగాకు రాజ్యమేలింది, డీడీటీ, బీహెచ్‌సీ పొడులు వచ్చాయి. 1970లో గుజరాత్‌లో హైబ్రిడ్-4, 1972లో కర్ణాటకలో వరలక్ష్మి విడుదలయ్యాక పత్తి స్వరూపమే మారింది. కొత్త పత్తి ఎరువు ఎక్కువ అడిగేది, నెలల తరబడి చేలో పచ్చగా నిలిచేది. పురుగుకు కావలసిందీ అదే.

అసలు తగవంతా ఎనభైల నడిమి కాలం మీద.

ఆ దశాబ్దం మొదట్లో సింథటిక్ పైరెథ్రాయిడ్లు అంగట్లోకి వచ్చాయి. సైపర్‌మెత్రిన్, ఫెన్వలరేట్, డెల్టామెత్రిన్ కొడితే కాయతొలుచు పురుగు కళ్లముందే రాలేది. అంతవరకు వాడిన మందులేవీ అంత త్వరగా ఫలితం చూపలేదు. తర్వాత కొద్ది సీజన్లకే తెల్లదోమ చేలను కమ్మేసింది. మొక్కను తట్టితే తెల్లటి పొడి లేచినట్టు దోమలు ఎగిరేవి. ఆకు తిప్పి చూస్తే అడుగున పొలుసుల్లా అతుక్కున్న పిల్లపురుగులు. అవి విసర్జించే తీపి జిగురు కింది ఆకుల మీద కారి, దాని మీద నల్లటి మసి బూజు పట్టి, పగిలిన కాయలో పత్తి సైతం అంటుకుపోయేది.

ఇది కొత్త పురుగు కాదు. అవిభక్త పంజాబులో 1930ల నాటికే దీన్ని పత్తి చీడగా అధ్యయనం చేశారు. పొగాకులో ఆకుముడత వైరస్‌ను మోసుకొచ్చేదీ ఇదే కనుక గుంటూరు సీమకు ఇది పాత కాపే. పాత కాపు ఒక్కసారిగా ఎందుకు పేట్రేగింది? పైరెథ్రాయిడ్లు కాయతొలుచు పురుగుతో పాటు దోమను తినే అల్లిక రెక్కల పురుగులను, దోమ పిల్లల్లో గుడ్లు పెట్టే సన్నని పరాన్నజీవి కందిరీగలను ఊడ్చేశాయి. ఆకు అడుగున దాగిన దోమకు మాత్రం పెద్దగా దెబ్బ తగల్లేదు. కొద్ది మోతాదు మందు తగిలిన దోమ గుడ్లు ఎక్కువ పెడుతుందని కొందరు శాస్త్రవేత్తల వాదన. ఈ రెండు కారణాల్లో ఏది ఎంత అన్నది నేటికీ తేలలేదు. వానల్లేని పొడి వాతావరణం కూడా దోమకు కలిసొచ్చే మాట నిజమే. అయితే సూడాన్‌లోని గెజీరా పత్తి చేలలో అంతకుముందే ఇదే దోమ ఇదే తీరున పెరిగింది. పెరూలోని కన్యేతే లోయ 1950ల్లోనే మందుల మీద మందులు కొట్టి పత్తిని పోగొట్టుకుంది. అన్నిచోట్లా కరవునే నిందించడం కుదరదు.

1987లో శనగపచ్చ పురుగు వంతు వచ్చింది. ఎంత మందు కొట్టినా చావలేదు. కల్తీ మందులన్నారు, పిచికారీ చేయడం చేతకాదన్నారు. ఆ సీజన్‌లో ఆంధ్రప్రదేశ్ నుంచి సేకరించిన పురుగులను ప్రయోగశాలలో పరీక్షిస్తే పైరెథ్రాయిడ్లకు గట్టి నిరోధశక్తి బయటపడింది. మెకఫరీ, కింగ్ తదితరులు ఆ ఫలితాలను 1989లో ప్రచురించారు. అంటే మంచి మందు సరిగ్గా కొట్టినా చావని పురుగులు అప్పటికే చేలలో ఉన్నాయి. కల్తీ అసలు లేదని దీని అర్థం కాదు. కంది, శనగ, పత్తి మీద ఒకదాని తర్వాత ఒకటిగా బతుకుతూ రాత్రిపూట చాలా దూరం ఎగిరే రెక్కల పురుగు ఇది. నిరోధశక్తి ఏ ఊళ్లో మొదలైందో చెప్పడం కష్టం.

రైతు అత్యాశ అనే మాటకు జవాబు కూడా ఇక్కడే ఉంది. పత్తి వేసినవారిలో కౌలుదార్లు ఎందరో. కౌలు ముందే కట్టాలి. విత్తనం, ఎరువు, మందు ఒకే దుకాణంలో అప్పుకు తేవాలి. ఏ మందు కొట్టాలో చెప్పేదీ ఆ కొట్టు యజమానే. పురుగు చావకపోతే ఇంకో డబ్బా, అదీ అప్పే. 1987–88లో ప్రకాశం, గుంటూరు పత్తి రైతుల ఆత్మహత్యలు దేశం దృష్టికి వచ్చాయి. విచిత్రమేమంటే, కొందరు ప్రాణం తీసుకున్నది పురుగును చంపలేకపోయిన ఆ మందులతోనే.

2002లో అనుమతి పొందిన బీటీ పత్తి శనగపచ్చ పురుగును అదుపు చేసింది. ఆ మేలు కాదనరానిది. ధర సంగతి వేరు. 450 గ్రాముల పొట్లం దాదాపు 1,850 రూపాయలు పలుకుతుంటే 2006లో రాష్ట్ర ప్రభుత్వం పోరాడి 750కి దించింది. పొట్లంతో పాటు ఇచ్చిన 120 గ్రాముల బీటీయేతర విత్తనాన్ని చేను చుట్టూ వేస్తే పురుగులో నిరోధశక్తి ఆలస్యమయ్యేది. వేసినవారు అరుదు. అంతకన్నా పెద్ద లోపం హైబ్రిడ్లలోనే ఉంది. హైబ్రిడ్ మొక్క కాయలోని గింజలన్నిటిలోనూ పురుగును చంపే బీటీ విషం ఒకేలా ఉండదు. గింజలే తిని బతికే గులాబీ రంగు పురుగుకు అది తట్టుకోవడం నేర్చుకునే బడి అయింది. తొలి తరం బీటీ పత్తి బీజీ-1ను తట్టుకున్న పురుగు గుజరాత్‌లో బయటపడినట్టు 2010లో ప్రకటించారు. ఆ దశాబ్దంలోనే రెండో తరం బీజీ-2 కూడా లొంగిపోయింది. నాగ్‌పూర్ కేంద్ర పత్తి పరిశోధన సంస్థ మాజీ సంచాలకుడు కె.ఆర్. క్రాంతి, గ్లెన్ స్టోన్ 2020లో వెలువరించిన అధ్యయనం ప్రకారం పత్తి రైతు పురుగుమందులకు పెట్టే ఖర్చు బీటీకి ముందునాటి కంటే ఎక్కువే.

నల్ల తామర పురుగు ఈ వరసలో పూర్తిగా ఇమడదు. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన ఈ పురుగును దేశంలో తొలిసారి 2015లో బెంగళూరులో బొప్పాయి మీద గుర్తించారు. మిరపలో పై ముడత తెచ్చే పాత తామర పురుగు లేతాకుల మీద ఉంటుంది, ఇది పూతలో చేరుతుంది. తెల్ల కాగితం మీద మిరప పువ్వును దులిపితే నల్లటి సన్నని పురుగులు పరుగులు తీస్తాయి. పూత రాలిపోయి 2021–22లో ఎకరాలకు ఎకరాలు మిరప తోటలు పీకేశారు. ఇది నిజంగానే బయటినుంచి వచ్చిన అతిథి. కానీ అతిథికి అడ్డుపడగల మిత్రపురుగులు వారానికి రెండు మూడు పిచికారీలు పడే మిరప తోటలో మిగిలి ఉన్నాయా అన్న ప్రశ్నను ఎవరూ గట్టిగా అడగలేదు.

ఇప్పటి పరిశోధనలో మెచ్చుకోదగినవి లేకపోలేదు. నీలి జిగురు అట్టలు, బవేరియా శిలీంధ్రం, వేపనూనె వంటివి సిఫార్సుల్లోకి వచ్చాయి. చేను చుట్టూ జొన్న, మొక్కజొన్న, మధ్యలో ఎరపంటగా ఆముదం, బంతి వేయమని లాం పరిశోధన కేంద్రం నుంచి ప్రకృతి వ్యవసాయ కార్యకర్తల వరకు అందరూ చెబుతున్నారు. అయితే 2016 నుంచి నడుస్తున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం తన విజయాన్ని ఎక్కువగా రైతుల సంఖ్యలో, ఎకరాల్లో చెప్పుకుంటుంది. ఆ చేలలో సాలీళ్లు, అక్షింతల పురుగులు, పరాన్నజీవి కందిరీగలు ఏటేటా ఎంత పెరిగాయో ఊరూరా లెక్కగట్టి చూపితే వాదన మరింత నిలబడేది. రసాయన పక్షానిదీ ఇదే లోపం. కొత్త మందు పురుగును ఎంత శాతం చంపిందో డబ్బా మీద చెబుతారు, మూడో ఏడు ఆ చేలో ఏ పురుగు పెరుగుతుందో చెప్పరు. డ్రోన్ వచ్చాక పిచికారీ సులువైంది, కూలి తగ్గింది. కానీ పల్నాడులోనైనా పర్చూరులోనైనా ఏ మందు కొట్టాలో రైతుకు చెప్పేది నేటికీ చాలావరకు అప్పిచ్చిన కొట్టు యజమానే. పరిశోధన కేంద్రాల సలహా ఆ కొట్టు కన్నా ముందు చేనుకు చేరే ఏర్పాటు జరగనంత కాలం, రాబోయే పురుగుకు కూడా మొదటి మందు అప్పు ఖాతాలోంచే వస్తుంది.