జేఏఐఐబీ, సీఏఐఐబీ పరీక్షలు

భారతదేశంలో బ్యాంకు ఉద్యోగులు కొలువు చేసుకుంటూనే రాసే రెండు అంచెల వృత్తి పరీక్షలు ఇవి. ముంబై కేంద్రంగా ఉన్న ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్యాంకింగ్ అండ్ ఫైనాన్స్ (ఐఐబీఎఫ్) వీటిని నిర్వహిస్తుంది. జేఏఐఐబీ జూనియర్ అసోసియేట్ హోదాకు, సీఏఐఐబీ సర్టిఫైడ్ అసోసియేట్ హోదాకు సంక్షిప్త రూపాలు. మొదటిది గట్టెక్కనిదే రెండోది రాయడానికి వీల్లేదు.

ఆర్థిక రంగంలోని ఇతర వృత్తి అర్హతల నుంచి వీటిని వేరుచేసేది ప్రవేశ నిబంధన. చార్టర్డ్ అకౌంటెన్సీకి ఆర్టికల్‌షిప్ అనే పూర్తికాలపు శిక్షణ తప్పనిసరి కావడంతో పూర్తికాలపు ఉద్యోగికి ఆ దారి సాధారణంగా మూసుకుపోయే ఉంటుంది. కాస్ట్ అకౌంటెన్సీని, సీఎఫ్‌ఏను ఉద్యోగంలో ఉన్నవారూ లేనివారూ చదవవచ్చు. జేఏఐఐబీకి మాత్రం బ్యాంకులోనో గుర్తింపు పొందిన ఆర్థిక సంస్థలోనో పనిచేస్తూ ఐఐబీఎఫ్ సభ్యత్వం తీసుకున్నవారే అర్హులు. అంటే, చదివేవారంతా పగలు పనిలో ఉండేవారేనని మొదటినుంచీ తెలిసి రూపొందించిన పరీక్ష ఇది. బయటివారి కోసం బ్యాంకింగ్ అండ్ ఫైనాన్స్ డిప్లొమా పేరుతో ఇంచుమించు ఇదే పాఠ్యప్రణాళికతో వేరొక పరీక్ష ఉంది.

చరిత్ర

బ్యాంకు ఉద్యోగులకు వృత్తి పరీక్షలు పెట్టే ఆనవాయితీ బ్రిటన్ నుంచి వచ్చింది. ఇటువంటి సంఘాల్లో తొలిది ఏదంటే 1879లో ఏర్పడిన లండన్ సంస్థ పేరే తరచు వినిపిస్తుంది. తేదీలను బట్టి చూస్తే 1875 నాటి స్కాట్లాండ్ బ్యాంకర్ల సంస్థకే ఆ స్థానం ఇవ్వాలి. భారతీయ సంస్థ 1928లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్యాంకర్స్ పేరుతో నమోదైంది. 1935 ఏప్రిల్ 1న రిజర్వు బ్యాంకు పని ప్రారంభించేనాటికి దానికి ఏడేళ్లు. తెలుగునాట భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకును స్థాపించింది 1923లో కనుక, బ్యాంకు ముందు, బ్యాంకు ఉద్యోగి చదువు తర్వాత వచ్చాయని చెప్పుకోవచ్చు. సంస్థ ప్రస్తుత పేరు 2000ల తొలి సంవత్సరాల్లో స్థిరపడింది. పరీక్షల పేర్లలో మాత్రం పాత పేరులోని అక్షరాలే కొనసాగుతున్నాయి.

1969 జూలై 19న 14 బ్యాంకులు, 1980లో ఆంధ్రా బ్యాంకుతో కలిపి మరో ఆరు జాతీయమయ్యాక శాఖలు పల్లెలకు పాకాయి. చరిత్రో వృక్షశాస్త్రమో చదివి నేరుగా కౌంటరు మీదికి వచ్చిన పట్టభద్రులు పెద్ద సంఖ్యలో చేరారు. అంతకుముందు సీనియర్ల పక్కన కూర్చుని ఏళ్లతరబడి నేర్చుకునే పనిని వీరికి త్వరగా పుస్తకం ద్వారా అందించవలసి వచ్చింది. ఈ పరీక్షలకు అసలైన విస్తృతి ఆ దశలోనే వచ్చిందని భావించడం సమంజసం.

పాత పద్ధతిలో వీటిని సీఏఐఐబీ పార్ట్ 1, పార్ట్ 2 అనేవారు, జవాబులు వ్యాసరూపంలో రాయించేవారు. తర్వాత బహుళైచ్ఛిక ప్రశ్నలు, ఆపైన కంప్యూటర్ పరీక్ష వచ్చాయి. పార్ట్ 1 ఉత్తీర్ణతను బ్యాంకులు సాధారణంగా జేఏఐఐబీతో సమానంగానే లెక్కిస్తాయి.

పాఠ్యాంశాలు

2023లో పాఠ్యప్రణాళిక పూర్తిగా మారింది. మూడు పేపర్ల జేఏఐఐబీ నాలుగు పేపర్లయింది: భారత ఆర్థిక వ్యవస్థ, ద్రవ్య వ్యవస్థ కలిపి ఒకటి; బ్యాంకింగ్ సూత్రాలు, ఆచరణ; అకౌంటింగ్, ఆర్థిక నిర్వహణ; రిటైల్ బ్యాంకింగ్, సంపద నిర్వహణ. సీఏఐఐబీలో ఇప్పుడు నాలుగు తప్పనిసరి పేపర్లు, ఒక ఐచ్ఛికం. ఐచ్ఛికాల్లో గ్రామీణ బ్యాంకింగ్, మానవ వనరులు, సమాచార సాంకేతికత, రిస్కు నిర్వహణ, సెంట్రల్ బ్యాంకింగ్ ఉన్నాయి. ప్రతి పేపరుకు 100 మార్కులు, రెండు గంటల సమయం. తప్పు జవాబుకు కోత లేదు. పేపరుకు 50 వస్తే పాస్. ఒకే విడతలో అన్నీ రాసి, దేనిలోనూ 45కు తగ్గకుండా మొత్తం మీద సగటున 50 శాతం తెచ్చుకున్నా సరిపోతుంది. ప్రశ్నపత్రాలను సంస్థ విడుదల చేయదు. అభ్యర్థులు గుర్తుంచుకుని పంచుకునే ప్రశ్నల జాబితాలు వాట్సాప్‌లో తిరుగుతుంటాయి కానీ వాటి విశ్వసనీయత అంతంత మాత్రమే.

శాఖలో పనిచేసేవారికి బ్యాంకింగ్ సూత్రాల పేపరు తేలికని సాధారణ అభిప్రాయం. అందులో సగమే నిజం. మూడు నెలలు దాటిన చెక్కును వెనక్కి పంపాలని క్యాషియరుకు తెలుసు. ఆ గడువు 2012 ఏప్రిల్ 1కి ముందు ఆరు నెలలని, రిజర్వు బ్యాంకు ఆదేశంతో తగ్గిందని పుస్తకంలోనే తెలుస్తుంది. బాకీ వాయిదా 90 రోజులు మించితే ఖాతా నిరర్థక ఆస్తి అవుతుందని ప్రతి మేనేజరుకూ కంఠోపాఠం. అంతకుముందే 30, 60, 90 రోజుల మెట్ల మీద ఖాతాను ఎస్‌ఎంఏ (స్పెషల్ మెన్షన్ అకౌంట్) 0, 1, 2 అని ఎందుకు విడదీస్తారో, ప్రతి మెట్టు దగ్గర బ్యాంకు ఏం చేయాలో చదివితే గానీ ఆ రోజువారీ జాబితా వెనుక ఉన్న ఆలోచన అందదు. కౌంటరు దగ్గర ‘ఎలా’ నేర్చుకున్నవాడికి ‘ఎందుకు’ అన్నది ఈ పేపరు ఇస్తుంది. ఈ పరీక్షల విలువ ప్రధానంగా ఇక్కడే ఉంది.

అకౌంటింగ్ పేపరు సంగతి వేరు. కోర్ బ్యాంకింగ్ వచ్చాక డెబిట్, క్రెడిట్ పద్దులు చాలావరకు కంప్యూటరే వేసుకుంటుంది. బీటెక్ చదివి ప్రొబేషనరీ ఆఫీసరుగా వచ్చినవారు లెడ్జరు చేత్తో రాయకుండానే సర్వీసు గడిపేయవచ్చు. అందువల్ల ఎక్కువమంది ‘పోయింది’ అని చెప్పే పేపర్లలో ఇది ఒకటి. వాణిజ్యశాస్త్రం చదివినవారికి ఇదే అన్నిటికన్నా సులువు.

సీఏఐఐబీలో బ్యాంక్ ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్ అత్యంత కఠినమని పేరు. విదేశీ మారకం, ట్రెజరీ, రిస్కు, మూలధన నిష్పత్తి అందులో ప్రధానం. ఉదాహరణకు, రిస్కు భారం ప్రకారం లెక్కించిన ఆస్తులు 1,000 కోట్ల రూపాయలు ఉన్న బ్యాంకు, భారత నిబంధనల ప్రకారం కనీసం 9 శాతం అంటే 90 కోట్లు మూలధనంగా ఉంచాలి. దానికి రక్షణ నిల్వ 2.5 శాతం కలిపితే 115 కోట్లు. లెక్క చిన్నదే. ప్రభుత్వ బాండుకు, గృహరుణానికి, ఏ హామీ లేని వ్యక్తిగత రుణానికి రిస్కు భారం వేర్వేరుగా ఎందుకుంటుందో తెలియకపోతే మొదటి అంకె దగ్గరే ఆగిపోవలసి వస్తుంది. మారుమూల శాఖలో పంట రుణాలు, బంగారు రుణాలు చూసే ఉద్యోగికి ఫార్వర్డ్ రేటు, లెటర్ ఆఫ్ క్రెడిట్ నిజజీవితంలో ఎదురయ్యే సందర్భం దాదాపు ఉండదు. అతని అనుభవం ఈ పేపరులో అక్కరకు రాదు.

ఇంక్రిమెంట్లు, పదోన్నతి

ఉద్యోగులు ఈ పరీక్షలు రాయడానికి మొదటి కారణం జీతం. దీన్ని తక్కువచేసి చూడనక్కర్లేదు. బ్యాంకు యాజమాన్యాలు, ఉద్యోగ సంఘాల మధ్య 1966 అక్టోబరు 19న కుదిరిన తొలి ద్వైపాక్షిక ఒప్పందంతో మొదలై 2024 మార్చి 8 నాటి పన్నెండో ఒప్పందం వరకు సాగిన వేతన చట్రంలో ఈ ఉత్తీర్ణతకు అదనపు ఇంక్రిమెంట్లు ఉన్నాయి. క్లర్కులకు సాధారణంగా మొదటి అంచెకు ఒకటి, రెండో అంచెకు రెండు. ఆఫీసర్లకు వేరే లెక్క. స్కేలు చివరి మెట్టుకు చేరినవారికి ఇంక్రిమెంటుకు బదులు వృత్తి అర్హత వేతనం అనే భత్యం ఉంటుంది. ఇంక్రిమెంటు మూలవేతనంలో కలుస్తుంది, కరువు భత్యం మూలవేతనం మీద లెక్కిస్తారు. అందువల్ల ఉద్యోగంలో చేరిన కొత్తలో పాసైనవారికీ పదవీ విరమణకు దగ్గరపడ్డాక పాసైనవారికీ మొత్తం ప్రయోజనంలో తేడా చాలా పెద్దది. పదోన్నతుల్లో చాలా బ్యాంకులు ఈ ఉత్తీర్ణతకు మార్కులో, కాలపరిమితిలో సడలింపో ఇస్తాయి. నియమాలు బ్యాంకును బట్టి మారుతుంటాయి.

చదువుకు దొరికే సమయం

పరీక్షలు ఏడాదికి రెండు విడతలు, సాధారణంగా మే–జూన్‌లోనూ నవంబరు–డిసెంబరులోనూ జరుగుతాయి. మొదటి విడతకు చదవవలసిన మార్చి నెల బ్యాంకుల్లో వార్షిక ముగింపు. మొండి బాకీల వసూళ్లు, లక్ష్యాలు, 31వ తేదీ రాత్రి దాకా క్లోజింగ్ పని. ఏప్రిల్ నుంచి బదిలీలు మొదలవుతాయి. కొత్త ఊళ్లో ఇల్లు, పిల్లల బడి చూసుకుంటూ హాల్‌టికెట్టు పాత ఊరి కేంద్రంలో ఉన్నవారి పాట్లు చెప్పనలవి కావు. జూన్‌లో తొలకరి పడిందంటే తెలుగు రాష్ట్రాల గ్రామీణ శాఖల్లో పంట రుణాల రెన్యువళ్ల కోసం రైతులు ఉదయం నుంచే బారులు తీరతారు. రెండో విడత ఇంతకన్నా నయం. సెప్టెంబరు అర్ధ సంవత్సర ముగింపు దాటాక కొంత వెసులుబాటు ఉంటుంది.

2015 సెప్టెంబరు 1 నుంచి రెండో, నాలుగో శనివారాలు బ్యాంకులకు సెలవు. ఈ పరీక్షల అభ్యర్థులకు అది ఏ రాయితీకీ తీసిపోని మేలు. ఎంత కాలం చదివితే చాలన్న దానిపై ఏకాభిప్రాయం లేదు. నెల రోజుల్లో అయిపోతుందని శిక్షణ ఇచ్చేవారు తరచు అంటారు. సీనియర్ ఉద్యోగులు పేపర్లను రెండు విడతలుగా పంచుకుని, విడతకు రెండు మూడు నెలలు ఇమ్మంటారు. అకౌంటింగ్ నేపథ్యం లేనివారి విషయంలో రెండో మాటే నమ్మదగినది. ప్రస్తుత నిబంధన కూడా దానికి అనుకూలంగానే ఉంది: నమోదైన నాటి నుంచి మూడేళ్లలో అయిదు ప్రయత్నాలు, ఈలోగా పాసైన పేపరు పాసైనట్టే. అంతకుముందు రెండేళ్లలో వరుసగా నాలుగు ప్రయత్నాలే ఉండేవి. ప్రసూతి సెలవులో ఉన్న మహిళా ఉద్యోగులకు, దూరప్రాంతాలకు బదిలీ అయినవారికి వరుస ప్రయత్నాల షరతు పోవడం పెద్ద ఊరట.

కొన్ని బ్యాంకులు పరీక్ష ఫీజు తిరిగి ఇస్తాయి. ఉద్యోగ సంఘాలు ఆదివారాల్లో తరగతులు పెట్టే సంప్రదాయం ఉంది. విశ్రాంత ఉద్యోగులు తెలుగులో చెప్పే వీడియో పాఠాలకు ఇటీవల ఆదరణ పెరిగింది.

ఇతర ధ్రువపత్రాలు

2014లో జి. గోపాలకృష్ణ అధ్యక్షతన ఏర్పడిన సామర్థ్య పెంపు సంఘం నివేదిక ఆధారంగా, 2016 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ట్రెజరీ, రిస్కు, అకౌంటింగ్, రుణ నిర్వహణ విభాగాల్లో పనిచేసేవారికి ప్రత్యేక ధ్రువపత్రం ఉండాలని బ్యాంకులకు సూచించింది. దాంతో సీఏఐఐబీ తర్వాత కూడా చదువు ఆగని స్థితి వచ్చింది. ఈ చిన్న కోర్సుల్లో కొన్నిటిని ఇంటి నుంచే కెమెరా పర్యవేక్షణలో రాయవచ్చు.

భాష

జేఏఐఐబీ, సీఏఐఐబీ ప్రశ్నలు ఇంగ్లిషులోనూ హిందీలోనూ ఉంటాయి. ప్రభుత్వరంగ బ్యాంకుల క్లర్కు నియామక పరీక్షను తెలుగుతో సహా 13 ప్రాంతీయ భాషల్లో జరపాలని కేంద్ర ఆర్థికశాఖ 2021 సెప్టెంబరులో సిఫారసు చేసింది. తెలుగులో రాసి ఉద్యోగం పొందినవారు ఆ ఉద్యోగంలో ఎదగడానికి రాయవలసిన పరీక్షకు వచ్చేసరికి తెలుగు వదులుకోవలసి వస్తుంది. దక్షిణాది రాష్ట్రాల అభ్యర్థుల్లో ఎక్కువమందికి హిందీ వెసులుబాటు ప్రత్యామ్నాయం కాదు. పారిభాషిక పదాలు ఎలాగూ ఇంగ్లిషువే కదా అన్నది దీనికి చెప్పే సమాధానాల్లో ఒకటి. అదే ఐఐబీఎఫ్, గ్రామాల్లో బ్యాంకు తరఫున సేవలందించే బిజినెస్ కరస్పాండెంట్లకు, రుణ వసూలు ఏజెంట్లకు పెట్టే పరీక్షలను తెలుగులో కూడా రాయనిస్తోంది కాబట్టి ఆ సమాధానం పూర్తిగా నిలవదు.