మంచుకొండ మొక్కలు - మన ఇసుకదిబ్బలు

మంచుకొండలమీద పుట్టు చిన్నమొక్కలను ఇంట పెంచుట, పెంచినవానిని పదిమంది యెదుట ప్రదర్శించుట, వాని ఛాయాచిత్రములు తీసి భద్రపరచుకొనుట - ఇది ఐరోపా ఖండమున ఎందరికో ప్రియమైన వినోదము. దాని చరిత్రను గూర్చి నెల్లూరుసీమలోని తోటపల్లి గూడూరు వాడనైన నేను ముచ్చటించుట శ్రోతలకు వింతగా తోపవచ్చును. మా ప్రాంతమునకు తూర్పున సముద్రము. తీరము పొడవునను ఇసుక. మంచన్నది మేము చిత్రములలో చూచినదే. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటును. ఇట్టి చోట మంచుమొక్క ఒక వారమైనను బ్రదుకదు. అయినను ఆ మొక్కల చరిత్రలో మన తెలుగుతీరమునకు భాగము కలదు. ఆ భాగమును మనము మరచితిమి. దానిని జ్ఞాపకము చేయుటయే నేటి నా యుద్దేశము.

ముందుగా ఆ మొక్కల స్వభావము కొంత తెలియవలెను. పర్వతములపై చెట్లు పెరుగుట మానిన యెత్తునకు పైన, నిత్యహిమమునకు క్రింద, ఒక పట్టెవంటి ప్రదేశముండును. అందు పుట్టువానిని ఆల్పైను మొక్కలందురు. ఆల్ప్సు పర్వతములనుబట్టి ఆ పేరు వచ్చినది గాని, హిమాలయములయందును ఆండీసు పర్వతములయందును ఇట్టివి కలవు. అచ్చట గాలి తీవ్రము, నేల రాతిపొడి, మొక్క పెరుగుటకు దొరకు కాలము కొద్ది నెలలు మాత్రమే. అందుచే మొక్క నేలకు హత్తుకొని దిండువలె గుబురుగా పెరుగును. ఆకులు చిన్నవి, కొన్నిటికి నూగు కప్పియుండును. వేరు మాత్రము మొక్క యెత్తునకు పలురెట్లు లోతునకు దిగును. చలికాలమంతయు మంచుదుప్పటి క్రింద అది నిద్రించును.

ఇట్టి మొక్కను పల్లపుతోటకు తెచ్చినవారు మొదట ప్రేమచేతనే దానిని చంపిరి. మంచి ఎరువు వేసిరి, కావలసినంత నీరు పోసిరి. చలికి చావని మొక్క తడికి కుళ్లి చచ్చెను. చావక మిగిలినది పొడవుగా సాగి రూపము చెడెను. మొక్కకు మనకిష్టమైనది గాక దానికలవాటైనది ఈయవలెనను పాఠమును నేర్చుకొనుటకు వారికి మూడువందల యేండ్లు పట్టినది.

క్లూసియసు అను వృక్షశాస్త్రజ్ఞుడు 1573లో వియన్నా రాజోద్యానమునకు వచ్చి, ఆల్ప్సు శిఖరముల మొక్కలను అచ్చట పెంచ ప్రయత్నించెను. పెక్కు చచ్చినవి, కొన్ని నిలిచినవి. నిలిచినవానిలో ఆరిక్యులా అను పూలమొక్క సంతానము ఇంగ్లండునకు చేరి, 18వ శతాబ్దము నాటికి అచ్చటి నేతగాండ్ర యిండ్లలో వెలసెను. లాంకషైరు నేతగాండ్రు మగ్గము ప్రక్కన కుండలలో ఈ మొక్కలను పెంచి, వసంతమున పందెములు పెట్టుకొని ప్రదర్శించెడివారు. గెలిచినవానికి రాగి కెటిలు బహుమానము. పూవును చూచి తీర్పు చెప్పుటకు వారు ఏర్పరచుకొన్న నియమములు మన చందశ్శాస్త్రమువలె కట్టుదిట్టమైనవి. రాజుల తోటలో మొదలైన వినోదమును బ్రదికించినవారు పనిపాటలవారే యనుట మరువరాదు.

1773లో లండనునందలి చెల్సీ ఔషధోద్యానమున పర్వతపు మొక్కలకై రాతిగుట్ట యొకటి నిర్మింపబడెను. దానికి కొన్ని రాళ్లు లండను కోటనుండి వచ్చినవి. కొన్ని ఐస్లాండు ద్వీపమునుండి వచ్చిన అగ్నిపర్వతపు రాళ్లు. ఈ రెండవవానిని 1772లో ఓడలో వేసికొని వచ్చినవాడు జోసఫ్ బ్యాంక్సు. ఈ పేరును శ్రోతలు గుర్తుంచుకొనవలెనని మనవి. మరల మన తీరముననే ఆయన పేరు వినబడును.

తరువాత 1870లో విలియం రాబిన్సను ఆల్పైను పూలను గూర్చి ఇంగ్లీషు తోటలవారికి ఒక గ్రంథము వ్రాసెను. 1907లో రెజినాల్డు ఫారరు తన రాతితోటను గూర్చి వ్రాసి ఆ వేడుకను ఇంటింటికిని తెచ్చెను. మొక్కల వేటలోనే ఆయన 1920లో ఎగువబర్మా కొండలలో మరణించెను. 1929లో ఆ దేశమున ఆల్పైను ఉద్యానసంఘము స్థాపింపబడెను. అప్పటినుండి ప్రదర్శనలు, పత్రిక, విత్తనముల మార్పిడి సాగుచున్నవి. మొక్కను వెడల్పాటి మట్టిపాత్రలో నాటి, మట్టిపై గులకరాళ్లు పరచి, వెచ్చదన మీయని గాజుటింట నుంచి పెంచెదరు. వాన పైనుండి పడకుండుటకే ఆ గాజు. ప్రదర్శనలో పూల విస్తారమునే గాక, మొక్క కొండమీద నున్నట్లే గుబురుగా నున్నదా యని చూచెదరు. బలిసి సాగిన మొక్క ఓడిపోవును. పూవు నిలుచునది కొద్దిదినములే గనుక ఛాయాచిత్రము దానికి సాక్ష్యమైనది.

ఇక మన తీరమునకు వత్తము. లిన్నేయసు అను మహాశాస్త్రజ్ఞుని శిష్యుడు కోనిగ్ అనునతడు, 1728లో బాల్టిక్ సముద్రప్రాంతమున పుట్టినవాడు, 1764-65లో ఐస్లాండునకు పోయి అచ్చటి మొక్కలను సేకరించెను. అందొకటి మిక్కిలి చిన్నమొక్క. ఒక్క చిన్న వేసవిలో పుట్టి, పూచి, విత్తనమిచ్చి చచ్చునది. 1767లో లిన్నేయసు దానికి తన శిష్యుని పేరనే కోనిగియా యని నామకరణము చేసెను. అది ఉత్తరధ్రువప్రాంతపు చలినేలలయందే గాక మన హిమాలయముల యెత్తులయందును పెరుగును.

పేరు మంచునేలలో నిలిచినది. మనిషి మన యెండలోనికి వచ్చెను. 1768లో కోనిగ్ వైద్యుడుగా తరంగంబాడికి వచ్చి, పిదప ఆర్కాటు నవాబు కొలువున ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా నుండెను. నెల్లూరుసీమ నాడు ఆ నవాబు ఏలుబడిలోనిదే. 1801లో గాని కంపెనీవారి పాలనకు రాలేదు. 1778లో కోనిగ్ కంపెనీ కొలువున చేరెను. 1785లో కాకినాడయొద్ద జగన్నాథపురమున జబ్బుచేసి మరణించెను. అప్పుడాయనకు వైద్యము చేసిన మిత్రుడు సామర్లకోటలోని వైద్యుడు విలియం రాక్సుబరో. కోనిగ్ వ్రాతప్రతులు ఆయన కోరిన ప్రకారము లండనులోని జోసఫ్ బ్యాంక్సునకు చేరినవి.

రాక్సుబరో 1781 మొదలు 1793 వరకు సామర్లకోట ప్రాంతమున నుండి, తోట వేసి, మొక్కలను పరీక్షించి, స్వదేశీయులైన చిత్రకారులచే వాని రూపములను వ్రాయించెను. అప్పటికి ఛాయాచిత్రము పుట్టలేదు. మొక్కను కొలిచి, పూవును విప్పి, కేసరములను లెక్కించి, ఉన్నదున్నట్లు కుంచెతో దింపుటయే నాటి పద్ధతి. ఇట్టి చిత్రములు 500 లండనుకు పోగా, వానినుండి 300 ఎంచి, బ్యాంక్సు పర్యవేక్షణమున, ‘కోరమాండలు తీరపు మొక్కలు’ అను గ్రంథముగా 1795 మొదలు 1820 వరకు మూడు సంపుటములలో ప్రకటించిరి. ఐస్లాండు రాళ్లతో మంచుమొక్కకు ఇల్లు కట్టించిన చేయియే మన ఇసుకమొక్కకు గ్రంథమున చోటిచ్చినది. ఒకే జిజ్ఞాసకు అవి రెండు ముఖములు.

అయితే ఒక భేదము కలదు. మంచుమొక్కను పెంచిన ఫారరు పేరు మనకు తెలియును. సామర్లకోటలో మన మొక్కను వ్రాసినవాని పేరు ఆ గ్రంథమున లేదు. అతని కన్ను, అతని చేయి, అతని ఓరిమి లేనిదే ఆ గ్రంథమే లేదు.

ఆ గ్రంథము మొదటి సంపుటమున మూడవ చిత్రము మన చిరివేరుది. సముద్రతీరపు తేలిక ఇసుకలో పుట్టు చిన్నమొక్క అది. తెల్లని సన్నపూలు, పొడవైన వేరు. ఆ వేరునుండియే మన తీరపు అద్దకపు బట్టలకు ఎరుపు వచ్చెడిది. విత్తి పెంచిన వేరుకంటె తానై మొలచిన వేరు పొట్టిదైనను రంగు దానియందే హెచ్చని రాక్సుబరో గుర్తించెను. ఆల్పైను తోటమాలులు చెప్పు మాటయు నిదియే గదా! సుఖపెట్టిన మొక్క సత్తువ చెడును. కష్టమున పెరిగినదానికే రూపమును రంగును నిలుచును. ఆ రహస్యము మన వేరుత్రవ్వువారికిని అద్దకమువారికిని ఎన్నడో తెలియును. 1868లో జర్మనులు గ్రేబె, లీబర్మను అనువారు అలిజరిను అను ఎర్రరంగును రసాయనశాలలో తయారుచేసిరి. అది చౌకగా వచ్చిపడుటతో చిరివేరు బేరము క్షీణించెను. అక్కర తీరిన మొక్కను లోకము త్వరగా మరచును. నేడు మా పిల్లలలో చిరివేరును చూపి పేరు చెప్పగలవారు అరుదు.

చిత్రకారుల పేర్లు దక్కిన కథయు నొకటి కలదు. 1819లో చెన్నపట్టణమునకు వచ్చిన రాబర్టు వైటు అను వైద్యుడు 1835లో అచ్చట వ్యవసాయోద్యానసంఘమును స్థాపించినవారిలో ముఖ్యుడు. ఆయన 1838 మొదలు 1853 వరకు 2,101 చిత్రములతో దక్షిణభారతపు మొక్కల గ్రంథమును ప్రకటించెను; నీలగిరుల మొక్కలకు వేరుగా ఒక గ్రంథమును 1846-51 నడుమ వెలువరించెను. నీలగిరులు ఆల్పైను పట్టెకు చాలనివే గాని, తీరవాసులమైన మనకు అవియే చలికొండలు. ఈ చిత్రములను వ్రాసినవారు రంగయ్య, గోవిందు. పేర్లు వినగానే మనవారని చెవికి తోచును. వైటు వారి పేర్లను చిత్రములపై నిలిపెను. అంతటితో ఆగక 1853లో ఒక ఆర్కిడు ప్రజాతికి గోవిందు పేరు పెట్టెను. తరువాతి శాస్త్రజ్ఞులు దానిని మరియొక ప్రజాతిలో చేర్చుటచే ఆ పేరు నేడు వాడుకలో లేదు. అయినను చిత్రకారుని పేరు పూవునకు పెట్టవలెనని ఒకనికి తోచినది. అది చాల గొప్ప మాట.

1859లో వాల్టరు ఇలియటు ‘ఫ్లోరా ఆంధ్రికా’ యను పట్టికను చెన్నపట్టణమున అచ్చువేయించెను. తెలుగు జిల్లాలలో మొక్కలను జనులు ఏ పేర్లతో పిలిచెదరో అందు కూర్పబడినవి. మొక్కకు రూపమెంతయో పేరంత. పేరు పోయిన మొక్క కంటియెదుట నున్నను లేనిదే.

ఇప్పుడు మా తీరమునకు రండు. కోడూరు ఇసుకపై నిలిచి చూచినచో, మంచుకొండకును ఇసుకదిబ్బకును గల పోలిక తెలియును. అచ్చటను గాలి తీవ్రము, నీరు నిలువదు, ఎరువులేదు, కాంతి కన్నులు చెదరగొట్టును. అందుచే ఇచ్చటి మొక్కయు నేలకు హత్తుకొనియే బ్రదుకును. మేకగిట్టవలె చీలిన ఆకులుగల బాలబందతీగ ఊదారంగు పూలతో ఇసుకపై బారలు బారలుగా ప్రాకును. రావణాసురుని మీసములని మనవారు పిలుచు గడ్డి తన ముళ్లబంతిని గాలికి దొర్లించి విత్తనమును చల్లుకొనును. ఈ వేళ్లును తీగలును ఇసుకను పట్టియుంచుటచేతనే దిబ్బ దిబ్బగా నిలుచుచున్నది. దిబ్బ యున్నచో తుపాను అలకు అది మొదటి అడ్డు. 2004 డిసెంబరు 26న ఉప్పెన వచ్చినప్పుడు అట్టి అడ్డుల విలువ ఈ తీరమంతయు ఎరిగినది.

అట్టి దిబ్బలు తరుగుచున్నవి. 19వ శతాబ్దమున వంటచెరకుకై సరుగుడు తోపులు వచ్చినవి; 1990 తరువాత రొయ్యల గుంటలు విస్తరించినవి. తీరపు రొయ్యల పెంపకమును గూర్చి 1996 డిసెంబరులో సుప్రీముకోర్టు కఠినమైన తీర్పు చెప్పినది. సరుగుడును రొయ్యయు ఎందరికో కూడు పెట్టుచున్నవి. వానిని నిందించుట నా పని గాదు. కాని దిబ్బను చదును చేయునపుడు అందేమి పోవుచున్నదో తెలియకనే పోగొట్టుకొనుట మాత్రము న్యాయము గాదు.

తెలియుటకు మార్గము ఆ చలిదేశముల వినోదమే చూపుచున్నది. మనము మంచుమొక్కను తెప్పించి పెంచనక్కరలేదు. అడుగున చిల్లిగల వెడల్పాటి మట్టిమూకుడులో ఇసుక నింపి, చిరివేరు విత్తనము చల్లి, ఎరువు మానుకొని, ఎండలో నుంచిన చాలును. మొక్కను పెరికి తేరాదు. ఆల్ప్సు కొండలలో ఎడెల్వైసు పూవును పెరికి పెరికి అరుదు చేసినందున 19వ శతాబ్దముననే దానికి చట్టముతో కాపు పెట్టవలసివచ్చినది. ఈశాన్యపు వానలు వెనుకబడి పూలు తొడిగిన తరుణమున పాఠశాలలలో ఇట్టి మూకుళ్లను వరుసగా పెట్టి ప్రదర్శింపవచ్చును. బలిసినదానికి గాక దిబ్బమీద నున్నట్లున్నదానికి బహుమాన మీయవలెను. ఛాయాచిత్రము తీయువారు నిలుచుండి క్రిందికి చూచి తీసిన ఆకులే కనబడును. ఉదయపు వాలుటెండలో నేలపై బోర్లపరుండి, మొక్కయెత్తున కన్నుంచి తీసిన ఇసుకపై దాని బ్రదుకు కనబడును.

ఆ చిత్రము వెనుక నాలుగు మాటలు వ్రాయవలెను: మొక్క తెలుగుపేరు, దొరికిన యూరు, తేది, తీసినవాని పేరు. మొదటి మూడును శాస్త్రమునకు కావలెను. నాలుగవది సామర్లకోట చిత్రకారునికి మనము తీర్పవలసిన ఋణము.