సముద్రములు దాటిన వైద్యవిద్య – స్వదేశమున దాని గుర్తింపు

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి – ఈ మూడు తాలూకాలు 2007వ సంవత్సరమునకు పూర్వము కోలారు జిల్లాలోనివి. ఆ యేట చిక్కబళ్ళాపురమే ప్రత్యేక జిల్లా యయ్యెను. రాష్ట్రము కర్ణాటకమైనను ఇండ్లలోను సంతలలోను తఱచుగా వినవచ్చునది తెలుగే. కైవారము నారాయణ తాతగారు తెలుగు కన్నడము లను భేదము లేక తత్త్వములు చెప్పిన నేల యిది. ఇంట తెలుగు, బడిలో కన్నడము, పై చదువులలో ఇంగ్లీషు నేర్చి పెరిగిన ఈ సీమ బిడ్డలలో వైద్యము చదువగోరి పరదేశములకు బోవువారు కలరు. వారికి అచటి రోగులతో మాటాడుటకు నాల్గవ భాషయు అవసరమగును. అయినను చదువుట యొక ఎత్తు. చదివి తెచ్చిన పట్టమును స్వదేశమున చెల్లించుకొనుట మఱియొక ఎత్తు. ఈ రెండవదానికి గల చరిత్రను పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

తొలుత ఈ ప్రాంతమునుండి విద్యార్థులు పరదేశమునకు బోలేదు. పరదేశ వైద్యులే ఇటకు వచ్చిరి. 20వ శతాబ్ది తొలి దశకములలో లండను మిషనువారు చిక్కబళ్ళాపురమున ఆసుపత్రిని నెలకొల్పిరి. చింతామణికి తూర్పుదిక్కున, మదనపల్లె చెంత 1912లో వెలసిన క్షయరోగ చికిత్సాలయమునకు సారథ్యము వహించినవాడు డెన్మార్కు దేశీయుడైన డాక్టరు ఫ్రిమోట్ మొల్లరు. మైసూరు సంస్థానమున వైద్యకళాశాల 1924లో బెంగళూరున ఆరంభమై 1930లో మైసూరునకు తరలెను. బెంగళూరు వైద్యకళాశాల 1955లోను, కోలారునందలి దేవరాజ అరసు వైద్యకళాశాల 1986లోను ఏర్పడెను. అంతదాక ఈ తాలూకాల బిడ్డకు వైద్యవిద్య యనిన దూరప్రయాణమే.

తెలుగువారిలో సముద్రము దాటి వైద్యవిద్య నార్జించిన తొలితరమువారిలో స్మరింపదగినది అన్నీ జగన్నాథము. ఈమె మద్రాసు వైద్యకళాశాలలో చదివి, పిదప ఎడింబరో చేరి, స్కాట్లాండు వైద్యసంఘముల ఉమ్మడి అర్హతను సంపాదించెను. ఆ పట్టము సామ్రాజ్యమంతట చెల్లెడిది. స్వదేశమునకు తిరిగి వచ్చి బొంబాయి కామా ఆసుపత్రిలో పనిచేసెను. కాని 1894లో, ముప్పది యేండ్లు నిండెనో లేదో, క్షయకు బలియయ్యెను.

ఎల్లాప్రగడ సుబ్బారావుగారి కథ దీనికి ఎదురు. ఆయన మద్రాసులో పొందినది ఎం.బి.బి.యస్. కాదు, దానికంటె తక్కువదిగా నెంచబడు ఎల్.ఎం.యస్. 1922లో బోస్టను చేరి హార్వర్డులో ఉష్ణమండల వ్యాధులశాస్త్రమును చదివిరి. చేతనున్న పట్టము అచట వైద్యవృత్తికి చాలకపోగా ఆసుపత్రిలో రాత్రివేళల కూలిపని చేసి పొట్టపోసికొనిరి. అనంతరము ఆయన నడిపిన పరిశోధనలవలన ఫోలిక్ ఆమ్లము, ఆరియోమైసిను లోకమునకు లభించెను. జ్ఞానము వేఱు, దానికి లభించు గుర్తింపు వేఱు అనుటకు ఇంతకంటె నిదర్శన మేమి కావలెను?

గుర్తింపు ఏకపక్షమైనది కాదు. అది రెండు దేశముల నడుమ నమ్మకము. 1930లో బ్రిటిషు జనరల్ మెడికల్ కౌన్సిలు భారతీయ పట్టములను గుర్తించుట మానెను. మన విద్యాప్రమాణములకు పూచీపడు అఖిలభారత సంస్థ లేదనుట వారి వాదము. దానికి ప్రత్యుత్తరముగ 1933 చట్టముచే భారత వైద్యమండలి పుట్టెను. 1936లో పరస్పర గుర్తింపు మఱల కుదిరెను. స్వాతంత్ర్యానంతరము 1956 చట్టము ఏయే దేశముల ఏయే పట్టములు ఇచట చెల్లునో అనుబంధములలో వ్రాసి పెట్టెను. 1975లో బ్రిటిషువారు భారతీయ పట్టములకు నేరుగా ఇచ్చు గుర్తింపును మఱల తొలగించి, మనవారికి పరీక్ష పెట్టిరి.

పావు శతాబ్ది గడచిన పిమ్మట మన దేశమును అదే మార్గము తొక్కెను. 2001 సవరణ ననుసరించి, 2002 మార్చి 15 తరువాత పరదేశ పట్టము గొన్న భారతీయుడు స్క్రీనింగు పరీక్షలో నెగ్గిననే రిజిస్టరు కెక్కును. మూడు వందల ప్రశ్నలు. నూటయేబది మార్కులు రావలెను. 2018 నుండి బయలుదేరుటకు మునుపే నీట్ పరీక్షలో అర్హత పొందుటయు విధియయ్యెను. భారత వైద్యమండలి స్థానమున 2020లో జాతీయ వైద్య కమిషను వచ్చి, 2021 నవంబరులో కొత్త నియమములు ప్రకటించెను. వాటి ప్రకారము చదువు 54 మాసములకు తగ్గరాదు, ఇంగ్లీషున సాగవలెను, అదే సంస్థలో 12 మాసములు ఇంటర్నుషిప్పు చేయవలెను, చదివిన దేశమున వైద్యము చేయుటకు ఆ దేశస్థులతో సమానముగ అర్హత కలుగవలెను. స్వదేశమునకు వచ్చిన పిదప మఱల ఇంటర్నుషిప్పు తప్పదు.

ఈ నియమముల బరువెంతయో 2022లో తేటపడెను. ఉక్రెయినున యుద్ధము చెలరేగగా వేలాది భారతీయ విద్యార్థులు చదువు నడుమనే ఇల్లు చేరిరి. తెరపై విన్న పాఠములు రోగిపై చేయివేసి నేర్చిన విద్యకు సాటియగునా యను ప్రశ్న లేచెను. కమిషను కొందఱికి వెసులుబాటులు కల్పించి, పోయిన ఆసుపత్రి శిక్షణకు బదులుగ రెండేండ్ల ఇంటర్నుషిప్పు విధించెను. యుద్ధము వారు చేసినది కాదు. రోగి ప్రాణమునకు పూచీ మాత్రము ఎవరో యొకరు పడవలసినదే. ఈ రెంటి నడుమ నలిగినది విద్యార్థి జీవితము.

టమాటా, వేరుసెనగ, పట్టుపురుగుల పెంపకముపై బ్రదుకు మన పల్లెలలో బిడ్డను పరదేశమునకు పంపుటయనిన పొలము తాకట్టు పెట్టుటకును వెనుదీయని సాహసము. పరీక్షలో తప్పినచో పట్టము గోడకు వ్రేలాడును, అప్పు మాత్రము నిలిచియుండును. కావున దళారి మాటకు పూర్వము నియమావళి చదువవలెను: నీట్ అర్హత యున్నదా, పాఠము లే భాషలో చెప్పుదురు, మాసములెన్ని, ఆ దేశపు లైసెన్సు మనవానికి నిత్తురా? ఈ నాలుగు ప్రశ్నలకు వ్రాతమూలకమైన సమాధానము లభించిన పిమ్మటనే రుసుము కట్టవలెను.

సంతోషింపదగిన దేమనగా, విశ్వేశ్వరయ్యగారి జన్మస్థలమైన ముద్దేనహళ్ళిలో 2023లో ఒక వైద్యకళాశాల ఆరంభమయ్యెను. ఒకప్పుడు సముద్రము లావలి వైద్యునికై ఎదురుచూచిన సీమలోనే నేడు వైద్యవిద్య బోధింపబడుచున్నది. అయినను సీట్లు కొన్ని, కోరువారు పెక్కండ్రు. పరదేశమునకు బోవువారు పోవుచునే యుందురు. వారు పోవునప్పుడే తిరిగివచ్చు త్రోవను గూడ తెలిసికొని పోవుదురు గాక.