గొలుసు విప్పే చోటు

1960 దశకం తొలినాళ్ళలో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి రోజూ పొద్దున్నే ఒక కుక్క వచ్చేది. పేరు లుడ్విగ్. జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటర్ జాతి వేటకుక్క. వెంట మనిషి లేడు, మెడకు తాడు లేదు. స్ప్రౌల్ ప్లాజా మధ్యనున్న గుండ్రటి ఫౌంటెన్‌లో దిగి నిలబడేది. విద్యార్థులు పెట్టింది తినేది, వాళ్ళతో ఆడేది, సాయంత్రానికి ఇల్లు చేరేది. 1961లో విశ్వవిద్యాలయ పాలకమండలి ఆ ఫౌంటెన్‌కు అధికారికంగా లుడ్విగ్ పేరే పెట్టింది. 1964లో వాక్‌స్వాతంత్ర్య ఉద్యమం పుట్టి అమెరికా విశ్వవిద్యాలయాలను కుదిపేసింది కూడా ఆ ప్లాజాలోనే.

అప్పట్లో ఒక కుక్క ఊరి మధ్య ఒంటరిగా తిరిగొస్తే ఎవరికీ వింతగా అనిపించలేదు. తర్వాత ఇరవై ఏళ్ళు తిరక్కుండానే అదే బర్కిలీలో కుక్క గొలుసు విప్పాలంటే కంచె కట్టిన ప్రత్యేక స్థలం కావాల్సి వచ్చింది. ఆ స్థలం ఎలా దొరికిందన్నది ఆసక్తికరమైన చరిత్ర. అందులో భూగర్భ రైలుంది, పోలీసు కాల్పులున్నాయి, ఊరి జనం వేసిన ఓట్లున్నాయి. ఇప్పుడు హైదరాబాద్ కాలనీల్లో, విశాఖ అపార్ట్‌మెంట్లలో కుక్కల గురించి తలపడుతున్న మనకు ఆ చరిత్ర ఎంతో పనికొస్తుందని నా నమ్మకం.

1960ల్లో శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం చుట్టూ ఉన్న ఊళ్ళను కలుపుతూ బార్ట్ అనే రైలు మార్గం వేయడం మొదలుపెట్టారు. బర్కిలీలో చాలా దూరం పట్టాలు స్తంభాల మీద, ఇళ్ళ నెత్తిన పోయేలా పథకం వేశారు. ఊరు నిలువునా రెండుగా చీలిపోతుందని జనం ఒప్పుకోలేదు. నేల కింద నుంచి వేస్తే అయ్యే అదనపు ఖర్చు తామే పన్నులుగా కట్టుకుంటామని 1966లో ఓటేసి మరీ తీర్మానించారు. ఆ మార్గంలో అలా సొంత డబ్బు పెట్టుకుని రైలును నేల కిందికి దింపుకున్న ఊరు బర్కిలీయే. అయితే సొరంగమంటే కొండను తొలిచినట్టు తొలిచింది కాదు. పైనుంచి కందకం తవ్వి, లోపల మార్గం కట్టి, మళ్ళీ మట్టి కప్పాలి. అందుకోసం హర్స్ట్ అవెన్యూ వెంట ఇళ్ళను వరసగా పడగొట్టారు. మట్టి కప్పాక మిగిలింది పొడవాటి బీడు. ఇవాళ ఫ్రీమాంట్‌లో రైలెక్కి రిచ్‌మండ్ వైపు వెళ్ళే మన తెలుగువాళ్ళు డౌన్‌టౌన్ బర్కిలీ, నార్త్ బర్కిలీ స్టేషన్ల మధ్య ఆ నేల కిందుగానే ప్రయాణిస్తారు.

ఆ బీడు పార్కు కావడానికి కారణం కుక్కలు కాదు. విశ్వవిద్యాలయానికి దక్షిణాన ఖాళీగా పడి ఉన్న ఒక స్థలంలో 1969 వసంతంలో విద్యార్థులు, స్థానికులు మొక్కలు నాటి, దానికి ‘పీపుల్స్ పార్క్’ అని పేరు పెట్టుకున్నారు. మే 15న తెల్లవారుజామున విశ్వవిద్యాలయం దాన్ని స్వాధీనం చేసుకుని కంచె వేసింది. ఆ మధ్యాహ్నం జరిగిన ఘర్షణలో పోలీసులు తుపాకులు పేల్చారు. ఓ మేడ మీద నిలబడి ఉన్న జేమ్స్ రెక్టర్ అనే పాతికేళ్ళ యువకుడు గుళ్ళు తగిలి నాలుగు రోజులకు చనిపోయాడు. ఇంకొకాయన చూపు పోయింది. గవర్నర్ రోనాల్డ్ రీగన్ నేషనల్ గార్డును ఊళ్ళో దించాడు. తమ పార్కు చుట్టూ తుపాకుల కాపలా పెట్టేసరికి జనం పలుగూ పారా పట్టుకుని హర్స్ట్ అవెన్యూ బీడు మీదికి వచ్చారు. రైలు సంస్థ చేతిలో ఉన్న ఆ నేలలో మొక్కలు పాతి ‘పీపుల్స్ పార్క్ అనెక్స్’ అన్నారు. ఆ నేల పార్కుగానే మిగలాలన్న పట్టుదలను తర్వాత ఏళ్ళలోనూ వదల్లేదు. చివరికి అది నగర పార్కు అయింది. ఆ ప్రాంతపు ఆదివాసుల పేరు మీద ‘ఓలోని పార్క్’ అని పిలిచారు.

ఆ పార్కులో ఒక మూల, సుమారు అర ఎకరం చుట్టూ కంచె వేసి, 1979లో కుక్కలకు కేటాయించారు. ప్రయోగమనే చెప్పి మొదలుపెట్టారు. అమెరికాలో కుక్కల కోసమే ఏర్పడిన మొట్టమొదటి పార్కుగా ఇప్పుడు దాన్నే చెప్పుకుంటారు. మార్తా స్కాట్ బెనెడిక్ట్ అనే మహిళ స్మారకంగా దానికి ఇంకో పేరు కూడా ఉంది.

1979లోనే ఎందుకు? 1970ల్లో అమెరికా నగరాల్లో కుక్కల మీద పెద్ద రగడ నడిచింది. కాలిబాటల మీద మలం, పిల్లలకు టాక్సోకారా అనే నులిపురుగు సోకుతుందన్న భయం, ఎటు చూసినా కార్లు. న్యూయార్క్‌లో అయితే తల్లిదండ్రులు ఒక పక్కా, కుక్కల్ని పెంచేవాళ్ళు ఇంకో పక్కా నిలబడి ఏళ్ళ తరబడి పోట్లాడుకున్నారు. చివరికి 1978 ఆగస్టు 1 నుంచి, ఎవరి కుక్క చేసింది వాళ్ళే ఎత్తాలనే చట్టం అక్కడ అమల్లోకి వచ్చింది. ఎత్తకపోతే వంద డాలర్ల దాకా జరిమానా. అప్పట్లో చాలామంది నవ్వారు. చదువుకున్నవాళ్ళు, కోటు తొడుక్కున్నవాళ్ళు వంగి కుక్క మలం ఎత్తుతారా అన్నారు. ఎత్తారు. ఆ మరుసటి ఏడాది ఖండానికి అవతలి ఒడ్డున బర్కిలీలో కంచె లేచింది. ఈ రెండింటికీ నేరుగా సంబంధం ఉందని నేను అనడం లేదు. కానీ ముందు బాధ్యత, వెనకే వెసులుబాటు రావడం గమనించదగ్గ విషయం. వంగి ఎత్తడానికి సిద్ధపడ్డవాడికే ‘నా కుక్క పరిగెత్తడానికి కాస్త చోటివ్వండి’ అని అడిగే నోరు వచ్చింది.

బర్కిలీలో మరో పని జరిగింది. కుక్కల్ని తెచ్చేవాళ్ళు ‘ఓలోని డాగ్ పార్క్ అసోసియేషన్’ అని సంఘంగా ఏర్పడ్డారు. కంచె వేసింది నగరమైనా, లోపల మర్యాద నిలబెట్టాల్సింది మాత్రం రోజూ వచ్చేవాళ్ళే. సంచులు అయిపోకుండా చూడడం, గొడవపెట్టే కుక్కను బయటికి తీసుకెళ్ళమని చెప్పడం, కొత్తవాళ్ళకు పద్ధతులు నేర్పడం వగైరా పనులు మునిసిపల్ ఉద్యోగి వల్ల అయ్యేవి కావు. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళకు బాధలు లేకపోలేదు. మొరుగుడు, వాసన, ఎండల్లో దుమ్ము, వానల్లో బురద మీద ఫిర్యాదులు దశాబ్దాల పాటు వస్తూనే ఉన్నాయి. ప్రతిసారీ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాల్సి వచ్చింది. అయినా పార్కు మూతపడలేదు.

ఇలాంటి పార్కుకు జంట గేట్లుంటాయి. మొదటి గేటు తీసి, మనిషీ కుక్కా పట్టేంత చిన్న దొడ్డిలోకి వెళ్ళి, వెనక గేటు మూయాలి. అక్కడ గొలుసు విప్పి, అప్పుడు రెండో గేటు తీయాలి. ఒకటి మూసేదాకా ఇంకొకటి తీయకూడదు. లోపలున్న కుక్క రోడ్డు మీదికి ఉరక్కుండా ఉండడానికే ఈ ఏర్పాటు. గొలుసు దొడ్డిలోనే విప్పడానికి ఇంకో కారణముంది. గొలుసు బిగిసి ఉన్న కుక్కకు ఎదుటి కుక్క నుంచి పక్కకు తప్పుకునే వీలుండదు. మెడ దగ్గర లాగుడు పడి, బెదురు కాస్తా కోపమవుతుంది. వీధిలో గొలుసు చివర మీదపడి మొరిగే కుక్క, విప్పగానే వేరే జంతువులా ప్రవర్తించడం పెంచేవాళ్ళలో చాలామంది చూసే ఉంటారు. నేరుగా ముఖం మీదికి రాదు. చుట్టు తిరిగి పక్కగా వస్తుంది, వెనక వాసన చూస్తుంది. తర్వాత ముందుకాళ్ళు నేలకు చాపి, నడుం పైకెత్తి, తోక ఆడిస్తుంది. ఆటకు రమ్మని పిలవడం అది. అవతలిది కూడా అలాగే వంగితే ఇక పరుగే. అదే తోక బిర్రబిగిసి, ఒళ్ళు కదలకుండా, చూపు నిలిచిపోతే యజమాని ఫోను జేబులో పెట్టి లేవాల్సిన క్షణం. ఈ తేడా చూడకపోతే డాగ్ పార్కుల్లో కాట్లు పడే ప్రమాదముంది.

బర్కిలీకి ఎదురుగా, అఖాతం అవతలి ఒడ్డున ఇంకో కథ నడిచింది. శాన్‌ఫ్రాన్సిస్కో నగరం తన సముద్రతీర భూములను 1970ల్లో కేంద్ర ప్రభుత్వానికి, గోల్డెన్ గేట్ జాతీయ విహార ప్రాంతం కోసం అప్పగించింది. జనం తరతరాలుగా కుక్కల్ని వదిలి నడిచిన ఇసుకతిన్నెలవి. అందుకని 1979లోనే, అంటే బర్కిలీలో కంచె లేచిన ఏడాదే, పిలిస్తే పలికే కుక్కలను కొన్ని చోట్ల గొలుసు లేకుండా తిప్పవచ్చని ఒక విధానం రాసుకున్నారు. 2001లో జాతీయ పార్కుల శాఖ అది చెల్లదని ప్రకటించి జరిమానాలు వేయడం మొదలుపెట్టింది. జనం కోర్టుకెక్కారు. నలుగురినీ అడక్కుండా అంత పెద్ద మార్పు చేయడం కుదరదని 2005లో ఫెడరల్ కోర్టు చెప్పింది. తర్వాత శాఖ ఏళ్ళ తరబడి కొత్త నిబంధనలు రాసి, 2017లో వాటిని వెనక్కి తీసుకుంది. ఆ తీరాల్లో గూడు కట్టే, సేదదీరే పక్షుల పక్షాన నిలబడి వాదించినవాళ్ళకూ న్యాయమైన కారణాలే ఉన్నాయి. అర ఎకరం ఓలోని పార్కు నిలకడగా నడుస్తుంటే, మైళ్ళ తీరం కోర్టుల్లో నలిగింది. కంచె ఉన్నచోట ఎవరి హద్దు ఏదో తెలుస్తుంది. నాకు కనిపించే తేడా అదే.

న్యూయార్క్ మరో దారి పట్టింది. అక్కడ స్థలానికి బదులు కాలాన్ని పంచుకున్నారు. పెద్ద పార్కుల్లో రాత్రి 9 నుంచి ఉదయం 9 దాకా కుక్కల్ని విప్పవచ్చన్నది చాలాకాలం నోటిమాటగానే నడిచింది. 2006లో క్వీన్స్‌కు చెందిన ఒక పౌరసంఘం దీని మీద కోర్టుకు వెళ్ళింది. ఆ తర్వాతే ఆ వేళలు రాతపూర్వక నిబంధనలయ్యాయి. తిరిగి బర్కిలీకి వస్తే, ఊరి చెత్త పోసి పూడ్చిన 90 ఎకరాల దిబ్బ మీద వెలసిన సీజర్ చావెజ్ పార్కులో కుక్కలకు 17 ఎకరాలు విడిచారు.

మన దగ్గరా మొదలైంది చెత్త పోసే నేల మీదే. హైదరాబాద్ కొండాపూర్‌లో డంపింగ్ యార్డుగా ఉన్న 1.3 ఎకరాల స్థలాన్ని జీహెచ్‌ఎంసీ శుభ్రం చేయించి, సుమారు 1.1 కోట్ల రూపాయలతో 2018లో డాగ్ పార్కుగా మార్చింది. అప్పటి వెస్ట్ జోన్ కమిషనర్ హరిచందన దాసరి చొరవ అది. నడక దారి, పచ్చిక, కుక్కలు దిగే నీటి కొలను, దూకడానికీ ఎక్కడానికీ ఆటసామాను, పెద్దవాటికీ చిన్నవాటికీ వేర్వేరు ఆవరణలు ఏర్పాటు చేశారు. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ధ్రువపత్రం కూడా ఇచ్చింది. దేశంలోనే ఈ తరహాలో మొదటిదని పత్రికలు రాశాయి. ఒక తెలుగు నగరం ఈ పనిలో ముందు నిలవడం నాకు గర్వంగా ఉంది. బర్కిలీలో జనం అడిగి, పోరాడి, ఆపైన నగరాన్ని ఒప్పించారు. ఇక్కడ అధికారి ఊహించి, కట్టించి, జనాన్ని పిలిచారు. ఇంత పెద్ద నగరానికి ఒక్క పార్కు చాలదు. ఇక మీదట ప్రతిదీ ఒక అధికారి చొరవ కోసం ఎదురుచూస్తే అయ్యేదీ కాదు.

మన చోట ఒక పెద్ద చిక్కుంది, దాన్ని దాటవేయకూడదు. బర్కిలీలో గొలుసు లేని కుక్క అంటే ఎవరిదో ఒకరి పెంపుడు కుక్క. ఇక్కడ గొలుసు లేనిది అనగానే వీధి కుక్క గుర్తొస్తుంది. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధి కుక్కల గుంపు దాడిలో నాలుగేళ్ళ బాలుడు చనిపోయాడు. ఆ దాడి దృశ్యాలు చూసిన తల్లి పార్కులో గొలుసు విప్పిన లాబ్రడార్‌ని చూసినా పిల్లాణ్ణి గుండెకు హత్తుకుంటుంది. ఆమె భయం నిజమైనది, దాన్ని గౌరవించాలి. వీధి కుక్కల సమస్యకు డాగ్ పార్కు పరిష్కారం కానే కాదు. శస్త్రచికిత్సలు, టీకాలు, చెత్త తొలగించడం వేరే పని, అది ముందు జరగాల్సిన పని. అయితే ఆ తల్లికీ ఆ లాబ్రడార్ యజమానికీ ఒకే లిఫ్టులో, ఒకే వాకింగ్ ట్రాక్ మీద రోజూ జరిగే తగాదా తగ్గాలంటే కంచె, జంట గేట్లు ఉపయోగపడతాయి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు పెంపుడు జంతువులను నిషేధించడం కుదరదని, పార్కుల్లో వాటికి వేళలు మాట్లాడుకుని పెట్టుకోవచ్చని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. చాలా సంఘాలు మొదటి ముక్క మీద పోట్లాడుకుంటూ రెండోదాని దాకా రావడం లేదు.

కాలనీ స్థాయిలో ఇది అంత ఖరీదైన పని కాదు. కొండాపూర్‌లో లాగా కొలను, ఆటసామాను ఉండి తీరాలనేం లేదు. లేఅవుట్‌లో పార్కుకని వదిలిన స్థలంలో, పిల్లల ఊయలలకు దూరంగా ఓ మూల చాలు. మనిషి నడుమెత్తుకు మించిన కంచె, రెండు గేట్లు, ఒక కుళాయి, నీడకు కానుగ చెట్లు, మూతున్న చెత్తడబ్బా ఉండాలి. మన ఎండల్లో పొద్దున్నే, పొద్దుగూకాక తప్ప తెరవకపోవడం మంచిది. రేబిస్, పార్వో, డిస్టెంపర్ టీకాలు వేయించిన కార్డు చూపాలి. టీకాలు పూర్తికాని కుక్కపిల్లల్నీ, ఎదకొచ్చిన ఆడకుక్కల్నీ తేకూడదు. తిండి, బంతి పంపకాల దగ్గరే గొడవలు మొదలవుతాయి కాబట్టి అవి ఇంట్లోనే వదిలి రావాలి. మలం ఎవరిది వాళ్ళే ఎత్తాలి. వాచ్‌మన్ చేతో, పనమ్మాయి చేతో ఎత్తించడం కాదు. ఈ ఒక్క షరతు మీద కాలనీ మొత్తం కచ్చితంగా నిలబడగలిగితే, కుక్కలంటే ఇష్టం లేనివాళ్ళు కూడా తీర్మానం మీద సంతకం పెడతారు.