ఏ సీసా, బీ సీసా

మాస్కు పెట్టుకోండి. బల్ల మీదున్న రెండు సీసాల్లో ఒకదాంట్లో ఐసోసైనేట్ ఉంది, దాని ఆవిరి ఊపిరితిత్తులకు మంచిది కాదు. రెండూ కలిపితే రెజిన్ గట్టిపడటం మొదలవుతుంది. మీకు దొరికేది రెండు మూడు నిమిషాలే.

ఎదురుగా సిలికాన్ రబ్బరు అచ్చు. వేలు పెట్టి చూడండి, రేడియేటర్ జాలీ గీతలు కూడా తగులుతాయి. డబ్ల్యూడీఎం-2. 1962లో అమెరికా ఆల్కో కంపెనీ నుంచి దిగి, ఆపైన వారణాసిలో తయారై, కాజీపేట షెడ్డు పేరు రాసుకుని మన ఊళ్ల మీదుగా పొగ కక్కుతూ తిరిగిన డీజిల్ ఇంజను. అసలుది 17 మీటర్లు. మీరు పోసే బొమ్మ అందులో 87వ వంతు, ఇంచుమించు జానెడు.

ఫ్యాక్టరీలో చేయించొచ్చు కదా? స్టీలు అచ్చుకే లక్షలవుతాయి. కాజీపేట ఇంజనే కావాలనేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది.

ఫోన్ మోగుతుంది. "అన్నా, మా బండి అయిందా? బాపు రోజూ అడుగుతుండు."

రెజిన్, రబ్బరు, కొరియర్ ఖర్చులు కలిపి మీరు ధర చెప్పారు. కూలి కలపలేదు. కలిపితే మీరైనా కొనరు.

కిటికీ అవతల మబ్బు కమ్ముకొస్తోంది. గాలిలో తేమ తగిలితే రెజిన్‌లో కార్బన్ డయాక్సైడ్ పుట్టి నురగొస్తుంది. రేపు చూద్దామంటారా? మూత తీసిన సీసా వానాకాలంలో ఎక్కువ రోజులు నిలవదు. కిటికీ వేసేయండి. ఫ్యాన్ ఆపండి.

తూకం చూడండి. కలపండి. గిన్నె అంచులు గీకండి. వెచ్చబడుతోంది. పోయండి. సన్నగా. ఒక మూల నుంచే. గాలి పైకి రావాలి. అచ్చు తట్టండి. ఇంకా. చిక్కబడింది. చాలు.

అరగంట తర్వాత రబ్బరు వంచి తీస్తే జాలీ నిలువునా దిగింది. క్యాబ్ మూలలో మాత్రం ఆవగింజంత బొక్క. పుట్టీ పెట్టి రంగేస్తే కనపడదు.

కానీ ఆ బాపు ఈ ఇంజనే నడిపిన డ్రైవరు.

మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 19కి పైనే రావాలి. బజార్లో దొరికే బొమ్మ పట్టాలు 16.5 మాత్రమే. ఈ తప్పుతో బొమ్మ రైళ్లు చేసే మనవాళ్లంతా ఏనాడో సర్దుకుపోయారు. క్యాబ్ మూలలో బొక్కతో మాత్రం సర్దుకుపోరు. అందుకే ఈ పని మానబుద్ధి కాదు.

మళ్లీ తూకం వేస్తారు.

పార్సిల్ అందిన రోజు వీడియో కాల్. పెద్దాయన పలకరింపు కూడా లేకుండా కళ్లద్దాలు సర్దుకుని ఇంజను హుడ్డు పొడవునా వేలితో నిమురుతున్నాడు.

"లాంగ్ హుడ్డు ముందుంటే సిగ్నల్ కానరాకపోయేది బిడ్డా. మెడ పట్టేసేది." అని ఇటు తిరుగుతాడు. "బాక్స్‌ఎన్ వ్యాగన్లు గూడ చేస్తవా? పూరా రేకు."

పూరా రేకంటే 58 వ్యాగన్లు. మీ అచ్చు పాతిక ముప్పై పోతలకే చిరిగిపోతుంది. అప్పటికే మీ నోరు "చేస్తాను బాపూ" అనేసింది.