నల్లరెక్కల లెక్క

ముప్ఫై ఏళ్ళు కాకినాడలో ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్పాను. పారిశ్రామిక శ్యామలత్వం పాఠం దగ్గరికి రాగానే వెనక బెంచీలోంచి ఎవడో ఒకడు లేచేవాడు. "మాస్టారూ, ఇంగ్లండులో శలభాలు నల్లబడితే మనకేంటండీ?" ఏటా ఆ ప్రశ్న కోసమే కాచుక్కూచునేవాణ్ణి. "ఆ శలభాల లెక్క తేల్చినాయన చివరికి మనూరే వచ్చాడురా" అంటే ఎవడూ నమ్మేవాడు కాదు.

1859లో ప్రకృతి వరణం గురించి డార్విన్ అచ్చువేసిన పుస్తకంలో ఒక్క సమీకరణం కూడా ఉండదు. పైగా తల్లిదండ్రుల గుణాలు పాలూ నీళ్ళలా కలిసిపోతాయని అప్పటివాళ్ళ నమ్మకం. అలాగైతే ఎంత గొప్ప గుణమైనా నాలుగు తరాల్లో పలచబడిపోవాలి కదా అని 1867లో ఫ్లీమింగ్ జెంకిన్ అనే ఇంజనీరు నిలదీశాడు. డార్విన్ ఇరుకున పడ్డాడు. గుణాలు అలా కలిసిపోవు, విడివిడిగానే ఉంటాయి అన్న జవాబు అంతకు ముందు ఏడాదే మెండెల్ బఠాణీల వ్యాసంలో ఉంది. 1900 దాకా దాన్ని పట్టించుకున్న నాథుడు లేడు. తీరా బయటపడ్డాక మెండెల్ పక్షం వాళ్ళూ డార్విన్ పక్షం వాళ్ళూ కొట్టుకున్నారు. ఇద్దరిదీ ఒకే కథ అని అంకెలతో చూపించిన ముగ్గురు ఫిషర్, రైట్, హాల్డేన్. మనూరొచ్చింది ఈ హాల్డేనే.

1848లో మాంచెస్టర్‌లో నల్ల పెప్పర్డ్ మాత్ ఒకటి దొరికింది. మామూలువి తెల్లగా, మిరియాల పొడి చల్లినట్టుంటాయి. 1895కల్లా అక్కడ నూటికి 98 నల్లవే. మిల్లుల మసికి చెట్ల మీది లైకెన్లు చచ్చి బెరడు నల్లబడింది, తెల్లవి పిట్టల కంట పడ్డాయి. ఇంతవరకు గైడుల్లోనూ ఉంటుంది.

1924లో హాల్డేన్ అడిగింది వేరే ప్రశ్న. ఏడాదికొక తరం చొప్పున, సుమారు 50 తరాల్లో ఇంత మార్పు రావాలంటే నల్లదానికి ఎంత లాభం ఉండి తీరాలి? నల్లవి తెల్లవాటికి ఒకటిన్నర రెట్లు మిగలాలని ఆయనకి తేలింది.

దాన్ని బోర్డు మీద చక్రవడ్డీగా చెప్పేవాణ్ణి. జతకట్టడంలోని చిక్కులు కాసేపు పక్కనబెట్టండి. నూటికి ఒకటి నల్లది, తక్కిన 99 తెల్లవి. తెల్లవి రెండు మిగిలే చోట నల్లవి మూడు మిగిలితే పన్నెండో ఏటికి నల్లవి తెల్లవాటిని దాటేస్తాయి. అదే లాభం నూటికి ఒక్క పాలే అయితే సరిసమానం కావడానికి 462 ఏళ్ళు. ఏ శలభమూ తన రంగు మార్చుకోలేదు, మారింది లెక్కలో వాటాలే. ఏళ్ళ తరబడి పరీక్షల్లో "శలభాలు నల్లబడ్డాయి" అని రాసినవాళ్ళకి అర మార్కు కోసేవాణ్ణి.

ఇప్పుడు పక్కనబెట్టిన చిక్కు. నలుపు బహిర్గతం, తెలుపు అంతర్గతం. అంచేత తెల్ల జన్యువు నల్లరెక్కల చాటున దాక్కుంటుంది, దాన్ని పిట్ట ముక్కు అందుకోలేదు. మొదట్లో పరిగెత్తిన లెక్క చివర్లో నత్తనడక నడుస్తుంది. ఇంగ్లండులో గాలి శుభ్రత కోసం తెచ్చిన 1956 చట్టం తర్వాత పొగ తగ్గి తెల్లవి మళ్ళీ పుంజుకోవడానికి అలా దాగినది పోకుండా ఉండటమూ ఒక కారణం.

అంత లాభమా అని చాలామంది నమ్మలేదు. 1950ల్లో కెటిల్‌వెల్ అనే శాస్త్రవేత్త అడవుల్లో శలభాలు వదిలి చూశాడు. ఆయన పద్ధతి మీద పేచీలొచ్చాయి. మైకేల్ మజెరస్ కేంబ్రిడ్జిలో ఆరేళ్ళపాటు 4,864 శలభాలతో మళ్ళీ చేశాడు. ఏరేస్తున్నది పిట్టలే అని తేలింది.

హాల్డేన్ 1957లో కలకత్తా వచ్చి స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. ఫిషర్ దగ్గర చదివొచ్చిన మన సంఖ్యాశాస్త్రవేత్త సి.ఆర్. రావు అప్పటికే అక్కడున్నారు. 1961లో హాల్డేన్ భారత పౌరుడయ్యాడు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కేన్సరుతో పోయాడు. వీలునామా ప్రకారం ఆ శరీరం వైద్య విద్యార్థుల కోసం కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి చేరింది.

ఇది విన్నాక వెనక బెంచీ కాసేపు కిక్కురుమనేది కాదు. తర్వాత, "అనాటమీ హాలుకి తీసుకెళ్తారా మాస్టారూ?"

తీసుకెళ్ళలేదు. కాలవగట్టు మీది తలంబ్రాల కంప దగ్గరికి తీసుకెళ్ళాను. పుస్తకాల్లో లాంటానా అంటారు. హాల్డేన్ శిష్యుడు ద్రోణంరాజు కృష్ణారావు, తెలుగువాడు, కలకత్తాలో ఈ పొదల ముందే కూచుని ఏ జాతి సీతాకోక ఏ రంగు పువ్వు మీద వాలుతుందో లెక్కపెట్టాడు. ఒక్కో జాతి ఒక్కో రంగునే పట్టుకుంటే పుప్పొడి అటూ ఇటూ కలవదు, ఒకేచోట ఉన్న మొక్కలే మెల్లగా రెండు జాతులుగా విడిపోవచ్చు. ఆ లెక్కకి ప్రయోగశాల అక్కర్లేదు. పెన్సిలూ ఓపికా చాలు.

మావాళ్ళు నోటుబుక్కులో రెండు గళ్ళు గీశారు, గులాబీ, నారింజ. ముళ్ళు గీరుకున్నాయి, ఎండ మండింది. ప్రశ్న అడిగినవాడు అరగంటకి పదకొండు గీతలు పెట్టి, బస్సు టైమైందని తక్కినవాళ్ళు లేస్తుంటే, "ఉండండ్రా, ఇంకోటి వస్తోంది" అన్నాడు.